నూట పన్నెండో కవరు

కొత్త మందు పాత మందుకన్నా మంచిదని లోకం నమ్ముతుంది. ఆధారమేమిటని అడిగితే, "మంచిది కాకపోతే కొత్తది కనిపెట్టడమెందుకు?" అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ప్రశ్న రుజువు కాదని బాపట్ల హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్ళు ఫిజిక్సు చెప్పిన రాజారత్నం కొన్ని వందలమందికి నేర్పాడు. ఆ బుధవారం పొద్దున రేపల్లెలో, భార్య అన్నగారి ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు మాత్రం ఆ నమ్మకం ఆయన మెడకే చుట్టుకొని ఉంది.

లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గడియ పెట్టలేదు. గడియ పెట్టిన తలుపునైతే తట్టవచ్చు. ఊరికే దగ్గరగా వేసిన తలుపును ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

"రేపు పది గంటలకు మద్రాసు ఆసుపత్రిలో ఉండాలండి," అన్నాడు మూడోసారి.

"ఉండాలని నువ్వంటున్నావు. అది రానంటోంది," అన్నాడు జ్ఞానానందం. ఆయన రేపల్లె లూథరన్ సంఘంలో పెద్ద. ప్రార్థనలో ఎంత నెమ్మదో ఇంట్లో అంత గట్టి గొంతు. "ఆదివారం సాయంత్రం చేతిసంచీతో బస్సు దిగింది. ఏంటమ్మా అంటే పలకదు. అయినా నాకు అర్థంకాక అడుగుతాను బావా. గర్భసంచిలో క్యాన్సరని తేలిన మనిషిని ఆసుపత్రికి తీసికెళ్తే వైద్యం చేస్తారా, ప్రయోగం చేస్తారా? మా చెల్లెలు మీ స్కూల్లో సీసాలో పెట్టిన కప్పా?"

"కప్పల్ని కోసేది నాచురల్ సైన్సు వాళ్ళండి. నాది ఫిజిక్సు."

వంటింటి గుమ్మంలో జ్ఞానానందం భార్య కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్ఞానానందానికి నవ్వు రాలేదు.

"వేళాకోళం తర్వాత. సంగతి చెప్పు."

రాజారత్నం చెప్పాడు. ఇప్పటికి ఎంతోమందికి చెప్పిన పాఠమే. వచ్చిన రోగులందరికీ కరెంటు పెడతారు, అంటే రేడియేషన్. ఇన్నేళ్ళుగా ఉన్న వైద్యం అదే. అందులో సగంమందికి దానితోపాటు వారానికొక ఇంజెక్షను కూడా ఇస్తారు. ఇంజెక్షను వల్ల మేలు ఎక్కువా, కీడు ఎక్కువా అన్నది ఇంకా ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికే ఈ ప్రయోగం. వైద్యం లేకుండా ఎవరినీ వదిలిపెట్టరు.

"ఆ సగంలో ఎవరుండాలో ఎవరు తేలుస్తారు?"

"కవరు."

"కవరేంటి?"

"వరస నంబర్లు వేసి అంటించిన కవర్లుంటాయండి. మన వంతుకు ఏ కవరు వస్తే, అందులో ఏది రాసి ఉంటే అది."

"అంటే ప్రాణాలతో చీట్లు వేస్తారన్నమాట."

"ప్రాణాలతో కాదండి. తెలియనితనంతో."

"బాగుంది. నీకు తెలియదు, డాక్టరుకు తెలియదు. తెలియనివాళ్ళంతా కలిసి మా చెల్లెల్ని మద్రాసు తీసికెళ్తారు."

కాంతమ్మ కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. "అన్నయ్యగారూ, ముందు ఇది తాగండి. సుగుణ అన్నం తింటోంది, నిద్ర పోతోంది, నా రవికలు రెండు కుట్టిపెట్టింది కూడా. మీ పేరెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోతోంది. ఏం చేశారేంటి మీరు?"

"ఉత్తరం రాశానమ్మా."

"ఉత్తరమా? ఈ వయసులోనా! ఎవరికండీ?"

ఆ మాటకు లోపలి తలుపు తెరుచుకుంది.

సుగుణమ్మకు నలభై ఏడేళ్ళు. వేసవిలో మొదలైన రక్తస్రావం ఆమె బుగ్గల్లో ఉండే నునుపు తీసేసింది గాని నడకలో నిటారుతనాన్ని తీసెయ్యలేదు. ఆమె వచ్చి భర్త పక్కనున్న కుర్చీలో కాకుండా ఎదురుగా మంచం పట్టె మీద కూర్చుంది. నాలుగు మడతల కాగితాన్ని అన్నగారికిచ్చింది.

"చదువన్నయ్యా. పైకి చదువు. వదిన కూడా వినాలి, ఉత్తరం ఎవరికో తెలుస్తుంది."

జ్ఞానానందం కళ్ళజోడు సవరించుకున్నాడు. "'మిత్రులు డాక్టర్ ప్రకాశరావు గారికి, తెనాలి నుంచి జార్జి వ్రాయునది.' జార్జి డాక్టరుదా? అక్షరాలు బావవిలా ఉన్నాయే!"

"ఈయన రాసిచ్చారు. జార్జిగారు తిరగరాసి సంతకం పెట్టి పోస్టు చేశారు. చిత్తుప్రతి పారేసే అలవాటు మాష్టారికి లేదుగా, ఫిజిక్సు నోట్సులో దాచుకున్నారు. కానివ్వు."

"'మీ ప్రయోగంలో చేరవస్తున్న సుగుణమ్మ నాకు బాగా కావలసినవారు. ఈమె కొత్త ఇంజెక్షను ఇచ్చే వర్గంలో పడేటట్టు తమరు చూడవలెను. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినచో ఈమె...'" జ్ఞానానందం ఆగాడు.

"చదువు."

"'ఈమె బ్రతుకుతుందన్న ఆశ నాకు లేదు.'"

జ్ఞానానందం కాగితాన్ని మడతల ప్రకారం మడిచాడు. దాన్ని ఎవరికివ్వాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి," అంది సుగుణమ్మ. మూడు రోజుల తర్వాత భర్తతో ఆమె అన్న మొదటి మాట అది. "రూపాయి బిళ్ళ ఎగరేసి మరీ చూపించారు నాకు. రెండింట్లో ఏది మంచిదో ఎవరికీ తెలియదన్నారు. కరెంటుతో నా బోటివాళ్ళు పదిమందిలో ఐదారుగురు ఐదేళ్ళు దాటుతున్నారన్నారు. నేను నమ్మాను. డాక్టరు చెప్పాడని కాదు, మీరు చెప్పారని. అదే చేత్తో ఇది రాశారు. ఏది నిజం?"

"మొదటిది."

"మరి ఇది?"

"ఇది సిఫారసు. బలంగా రాయకపోతే పని జరగదు. అందుకని..."

"మీరా? సొంత తమ్ముడి ఉద్యోగానికి సిఫారసు రాయమంటే రాయని మనిషి. ప్రెసిడెంటుగారబ్బాయికి రెండు మార్కులు కలపమని వస్తే వాళ్ళను గుమ్మంలోంచే పంపేశారు. అబద్ధం రాయని మనిషి ఒక మాట రాశాడంటే అది నిజమే అయి ఉంటుంది. నేనలా అనుకున్నాను. తప్పా?"

ఆమె తర్కంలో ఒక్క మెట్టు కూడా జారలేదు. ఆయన మంచి పేరే ఆయనకు ఎదురుసాక్ష్యం చెబుతోంది.

వీధిలో నిజాంపట్నం నుంచి వచ్చిన చేపలామె తట్ట దించి కేక వేసింది. కాంతమ్మ వద్దని చెయ్యి ఊపింది. ఆమె కదలక, "నిన్న కావాలన్నావుగా అక్కా!" అంది. "రేపు రావే తల్లీ, ఇవాళ ఎవరూ తినేట్టు లేరు," అంది కాంతమ్మ.

తట్ట ఎత్తుకున్న చప్పుడు, అడుగులు దూరమైన చప్పుడు వినిపించాయి.

"నాకు ఏమీ తెలియదు సుగుణా," అన్నాడు రాజారత్నం. "ఆ వాక్యం రాసేటప్పుడు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. భయం ఒక్కటే ఉంది. భయాన్ని సమాచారంలాగా రాశాను. ఒక పిల్లవాడు పరీక్షలో అలా రాస్తే సున్నా వేసేవాణ్ణి."

"నిజం చెబుతున్నారని నాకెలా తెలియాలి?"

"తెలియదు. నమ్మమని అడగడం తప్ప నాకు దారి లేదు."

ఆయన నోట ఆ మాట వినడం ఆ ఇంట్లో ఎవరికీ కొత్తే. జ్ఞానానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంటి దగ్గర మూడు రోజుల పేపర్లు మడత విప్పకుండా పడి ఉన్నాయి," అన్నాడు రాజారత్నం, ఎవరివైపూ చూడకుండా. "నువ్వు పైకి చదువుతుంటే తప్పులు పట్టడమే గాని నాకై నేను పేపరు చదవడం మానేసి ఎన్నేళ్ళయిందో ఇప్పుడు తెలిసింది."

సుగుణమ్మ తన చేతులవైపు చూసుకుంది. "అయితే ఆ మాట ప్రకాశరావుగారితో కూడా అనండి," అంది. "ఉత్తరం రాసింది మీరేనని, అందులోది అబద్ధమని. అంటానంటే వస్తాను."

జ్ఞానానందం కుర్చీలో ముందుకు జరిగాడు. "ఒసేవ్, అలా చెబితే అసలు చేర్చుకోరేమోనే!"

"ఇందాక కప్పను చేస్తారా అన్నారు. ఇప్పుడు చేర్చుకోరని బెంగా?" అంది కాంతమ్మ.

"నువ్వుండవే."

సుగుణమ్మ సంచీలోంచి ఆసుపత్రివాళ్ళిచ్చిన సమ్మతి పత్రం తీసింది. మూడు పేజీల తెలుగు. పెన్సిలు గీతలు చాలా ఉన్నాయి, అన్నీ ఆమెవే. "ఇందులో రాశారన్నయ్యా. చేరకపోయినా, చేరి మధ్యలో మానుకున్నా, అందవలసిన వైద్యం అందుతుందట. చేర్చుకోకపోతే కరెంటు పెట్టించుకొని వస్తాను. ఈయన అబద్ధం మీద ఎక్కి మాత్రం వెళ్ళను."

అందరూ రాజారత్నం వైపు చూశారు. ఆ ఉత్తరం ఈపాటికి మద్రాసులో ఒక సొరుగులో ఉంటుంది. అది అక్కడ ఉన్నదన్న ఒక్క ధైర్యంతోనే గత వారం రోజులుగా ఆయన అన్నం తింటున్నాడు. దాన్ని తన నోటితోనే చెరిపేసుకోవాలి.

"చెబుతాను," అన్నాడు. చెప్పగలడో లేదో ఆయనకే తెలియదు.

*

రేపల్లె పాసింజరు మధ్యాహ్నం ఒంటిగంటకు కదిలింది. భట్టిప్రోలు దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి ఊడ్పుల మడులు చూస్తూ కూర్చున్నారు. మడుల్లో వంగిన ఆడవాళ్ళ వరసలు, కాలవ గట్టు మీద నారు కట్టలు. పెట్టెలో పెద్దగా జనం లేరు.

"మీతో ఒకటి చెప్పాలి," అంది సుగుణమ్మ. "మీరు నవ్వకూడదు."

"నవ్వను."

"కొత్త సంవత్సరం వాగ్దానపు చీట్లు ఉంటాయి కదా."

ఆయనకు తెలుసు. జనవరి ఒకటో తేదీ ఆరాధన చివర వాక్యాలు రాసిన చీట్లను బుట్టలో వేసి వరస వరసకూ తిప్పుతారు. ఎవరికి ఏ చీటీ వస్తే అది ఆ ఏటికి దేవుడు వాళ్ళకిచ్చిన వాగ్దానం. బాపట్ల సంఘంలో ఆ చీట్లు పద్దెనిమిదేళ్ళుగా సుగుణమ్మే రాస్తోంది. దస్తూరీ గుండ్రంగా ఉంటుందని పాస్టరుగారే అప్పజెప్పారు. ఆడవాళ్ళ వైపు బుట్ట పట్టుకొని తిరిగేది కూడా ఆమే.

"కృపమ్మగారి చిన్న కొడుకు సముద్రంలో పోయిన ఏడు," అంది, "ఆవిడ బుట్టలో చెయ్యి పెట్టే ముందు నేనొక చీటీ వేళ్ళ మధ్య ఉంచుకొని పైకి తోశాను. ఓదార్పు వాక్యం. ఆవిడ చదువుకొని నన్ను పట్టుకొని ఏడ్చింది. దేవుడు నన్ను చూశాడు సుగుణమ్మా అంది. నేను నోరు మెదపలేదు."

"ఒక్కసారేనా?"

"జబ్బు మనుషులకు, కొత్తగా విధవలైనవాళ్ళకు. ఏడాదికి ముగ్గురు నలుగురికి."

రాజారత్నం నవ్వలేదు. నవ్వు రాలేదు కూడా.

"ఆవిడ సంతోషం నిజమేనండి. అది కాదు నా బాధ. నేను చెయ్యి పెట్టకపోతే ఏ చీటీ వచ్చేదో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. ఒకవేళ అదే వచ్చేదేమో! దేవుడు ఇవ్వబోతుంటే నేనే అడ్డం వెళ్ళానేమో. ఒక్కసారి చెయ్యి పడ్డాక ఇక తెలుసుకునే దారి ఉండదు. మీరు రూపాయి బిళ్ళ ఎగరేసినప్పుడు నాకు వెంటనే అర్థమైంది. కవరు ఎందుకో మీరు చెప్పకముందే అర్థమైంది. మీకే అర్థం కాలేదు."

బండి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. మళ్ళీ కదిలింది.

"ఇంకోటి కూడా ఉంది," అంది ఆమె. ఈసారి గొంతు తగ్గింది. "మీ చీట్లు."

ఆయన ఆదివారం ఆరాధనకు గుడికి వెళ్ళడం మానేసి పందొమ్మిదేళ్ళు. అయినా ప్రతి జనవరి ఒకటిన ఆమె ఒక చీటీ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టేది. ఆయన దాన్ని పారేసేవాడు కాదు. నోట్సులో తేదీ వేసి అంటించి, ఏడాది చివర పక్కన 'నెరవేరినది' అనో 'నెరవేరలేదు' అనో రాసేవాడు. స్టాఫ్ రూములో వాదన వచ్చినప్పుడు ఆ నోట్సు చూపించి, ఇదంతా కేవలం యాదృచ్ఛికమని రుజువు చేసేవాడు.

"బుట్టలోంచి చూడకుండా తీసినవి కాదు," అంది. "నేనే ఏరి తెచ్చేదాన్ని."

రాజారత్నం నోట్సులో ఒక పేజీ గుర్తు తెచ్చుకున్నాడు. పద్దెనిమిది చీట్లలో తొమ్మిది దేవుడి దగ్గరికి తిరిగి రావడాన్ని గురించినవి. బుట్టలో ఉండే రెండు వందల చీట్లలో అలాంటివి పదికి మించవని ఒకసారి ఆమెనే అడిగి తెలుసుకొని, తొమ్మిదిసార్లు పడే అవకాశమెంతో లెక్క వేశాడు. లెక్క కింద ఎర్ర సిరాతో 'విచిత్రం, కాని అసాధ్యం కాదు' అని రాసి గీత గీశాడు.

"పద్దెనిమిదిలో తొమ్మిది," అన్నాడు. "నాకు అనుమానం రావలసింది."

"మాష్టారికి లోకంలో అన్నిటి మీదా అనుమానమే. పెళ్ళాం మీదే రాదు."

"ఎందుకు చేశావు?"

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. "దేవుడి కోసం కాదు. మీరు నమ్మినా నమ్మకపోయినా నాకు పెద్ద పట్టింపు లేదు. పాట మధ్యలో తలెత్తి మగవాళ్ళ వైపు చూస్తానా, మూడో బల్ల చివర మీరు కూర్చునే చోట ఎవరో ఒకరు ఉంటారు. తల కొంచెం మీలాగే ఉంటుంది. పాటయ్యేదాకా మీరే అనుకుంటాను."

వేమూరు వచ్చింది. రాజారత్నం మంచినీళ్ళకని దిగి, కూజా నింపుకొని, బండి కదులుతుండగా ఎక్కాడు. ఆమె పక్కన కూర్చున్నాడు.

తెనాలిలో బండి మారారు. ప్లాట్‌ఫారం మీద ఆమె ఇడ్లీ పొట్లం సగం తిని మడిచింది. "జార్జిగారి ఆసుపత్రి దగ్గరేగా, వెళ్ళి చెబుదామా?" అని ఆయన అడిగితే, "వద్దు. ఆయన మొహమాటానికి సంతకం పెట్టాడు. మీ తప్పు ఆయన గుమ్మంలో పెట్టకండి," అంది.

మద్రాసు బండి సందె వేళకు బాపట్లలో రెండు నిమిషాలు ఆగింది. స్టేషన్ నుంచి వాళ్ళ ఇల్లు పది నిమిషాల నడక. సుగుణమ్మ కిటికీలోంచి రిక్షాల వరసను చూసింది. చివరి రిక్షాలో బాలస్వామి కూర్చొని బీడీ ముట్టించుకుంటున్నాడు. ప్రతి సోమవారం ఆమెను మార్కెట్టుకు తీసికెళ్ళేది అతనే. ఆమె చెయ్యి ఎత్తబోయి దించుకుంది.

"దిగుదామా?" అన్నాడు రాజారత్నం.

వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఆమెకు తెలియలేదు. ఆయనకూ తెలియలేదు. బండి కూత వేసింది.

*

డాక్టర్ ప్రకాశరావుది వేమూరు. మద్రాసులో ఇరవయ్యేళ్ళున్నా మాట మారలేదు. "రండమ్మా, కూర్చోండి. బండి దిగి తిన్నగా వచ్చారా? టిఫిన్ చేశారా?" అని అడిగి, సమ్మతి పత్రం మరో ప్రతి ఆమె ముందు పెట్టాడు. పెన్ను పెట్టాడు. "తీరిగ్గా చదవండి. తెలియని మాట ఉంటే అడగండి."

ఉత్తరం ఊసు ఎత్తలేదు.

అందింది కాబోలు. పనిచేసింది కాబోలు. డాక్టరు ముఖంలో ఏదైనా కనబడుతుందేమోనని రాజారత్నం వెతికాడు. ఒక్క నిమిషం మౌనంగా ఉంటే చాలు. ఆమె సంతకం పెడుతుంది, కవరు తెరుచుకుంటుంది, తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు.

సుగుణమ్మ పత్రం చదవడం లేదు. పెన్ను ముట్టుకోలేదు. ఆయనకు గుర్తు కూడా చేయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకొని గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

"డాక్టరుగారూ, మీకు జార్జిగారి పేరుతో ఒక ఉత్తరం వచ్చి ఉంటుంది," అన్నాడు రాజారత్నం. "దాన్ని రాసింది నేను. అందులో ఈమె బతకదని రాసింది అబద్ధం. నాకా సంగతి తెలియదు."

ప్రకాశరావు సొరుగు లాగి ఉత్తరం తీశాడు. "ఈ నెలలో ఇలాంటివి ఐదు వచ్చాయి మాష్టారూ. ఒకటి మంత్రిగారిది. రాసింది అబద్ధమని వచ్చి చెప్పింది మీరొక్కరే."

"దీనివల్ల ఏదైనా..."

"ఏమీ జరగదు. కవర్లు మా దగ్గర తయారు కావు. వేరే ఊళ్ళో లెక్కలు కట్టే ఆఫీసుంది, అక్కణ్ణుంచి అంటించి వస్తాయి. వాళ్ళు మీ ముఖాలు చూడలేదు. లోపల ఏముందో నాకు తెలియదు." ఉత్తరాన్ని మడిచాడు. "నేనే చేత్తో పంచుతాననుకోండి. పలుకుబడి ఉన్నవాళ్ళంతా ఇంజెక్షను వైపు వస్తారు. వాళ్ళు మంచి తిండి తినేవాళ్ళు, జబ్బు ముదరకముందే రైలెక్కి రాగలిగినవాళ్ళు. ఐదేళ్ళ తర్వాత ఆ వైపు ఎక్కువమంది మిగిలితే, నిలబెట్టింది మందా, పలుకుబడా? ఎవరు చెబుతారు?"

రాజారత్నం తల దించుకున్నాడు. ఇదే పాఠాన్ని ఆయన ఇంతకన్నా బాగా చెప్పగలడు.

"ఆ సంగతి నాకు తెలుసు బాబూ," అంది సుగుణమ్మ. "ఇంజెక్షను పడినవాళ్ళకు ఏమవుతుందో చెప్పండి."

"వాంతులవుతాయి. రక్తం తగ్గుతుంది. కిడ్నీల మీద పని చేస్తుంది. ఇప్పటికి ముగ్గురికి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. అందరికీ అలా కాదు. కొందరు బాగానే తట్టుకుంటున్నారు."

"పడనివాళ్ళకు?"

"కరెంటుతో వచ్చే బాధలు ఉంటాయి. విరేచనాలు, నీరసం. అవి రెండు వైపులా ఉన్నాయి."

"ఏ వైపు ఎక్కువమంది బతికారు?"

"తెలియదమ్మా. నాకు తెలిస్తే ఆ రోజే ఇది ఆపేసి, మంచిదే అందరికీ ఇస్తాను." ప్రకాశరావు ఆగి, రాజారత్నం వైపు తిరిగాడు. "ఒకటి మాత్రం ముందే అడగాలి. ఎప్పుడైనా మానుకునే హక్కు మీకుంది. కాదనను. కానీ పాతది వస్తే లేచి వెళ్ళిపోదామనుకొనే చేరేట్టయితే ఇప్పుడే చెప్పండి. చేరకుండానే వైద్యం చేస్తాను, ఏ లోటూ చేయను. ఏదొచ్చినా ఉంటారా?"

"అడగాల్సింది నన్ను బాబూ. జబ్బు నాది," అంది సుగుణమ్మ.

"తప్పే. మీరే చెప్పండమ్మా."

ఆమె మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. మూడు పేజీలూ చదివింది. బయట పేర్లు పిలుస్తున్నారు. ఎవరి బిడ్డో ఏడుస్తోంది. డాక్టరు తొందర పెట్టలేదు. చివరికి పెన్ను తీసుకొని గుండ్రటి అక్షరాలతో పేరు పూర్తిగా రాసింది. సాక్షి సంతకం దగ్గర వేలు పెట్టి కాగితం భర్తవైపు తిప్పింది.

ఆయన సంతకం పెట్టాడు.

నర్సు ఒక రేకు పెట్టె తెచ్చింది. ప్రకాశరావు పుస్తకంలో వరస చూసి, పై కవరు తీసి, దాని మీది నంబరు ఇద్దరికీ చూపించాడు. నూట పన్నెండు. అంచు కత్తిరించాడు. లోపలి చీటీ తాను చదివి, బల్ల మీద వాళ్ళవైపు తిప్పి పెట్టాడు.

రాజారత్నం ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన చెయ్యి సమ్మతి పత్రం వైపు కదిలింది.

సుగుణమ్మ పత్రాన్ని తన ముందుకు జరుపుకొని డాక్టరుకు అందించింది.

"ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

ఆసుపత్రి నమోదు పుస్తకంలో ఆనాడు రాసిన వివరాలు:

క్రమసంఖ్య: 112. పేరు: సుగుణమ్మ. వయస్సు: 47. ఊరు: బాపట్ల. సమ్మతి: స్వయముగా చదివి సంతకము చేసినారు. సాక్షి: భర్త. కేటాయింపు: రేడియేషన్ మాత్రమే. చికిత్స ప్రారంభము: సోమవారము, ఉదయము తొమ్మిదిన్నర.